కాడ్ వేట మళ్లీ తెరిచారు: చేప పెరిగిందా, గీత జరిగిందా?

చలిదేశం:
నేనుండేది కెనడాలో న్యూఫౌండ్‌లాండ్, సెయింట్ జాన్స్ ఊళ్లో. ఇక్కడ ఉత్తినే "ఫిష్" అంటే కాడ్ అనే అర్థం, మిగతా చేపలకే పేరు పెట్టి చెప్పాలి. మన ఇళ్లలో కాడ్ అంటే చిన్నప్పుడు బలవంతంగా మింగించిన పసుపు రంగు లివర్ ఆయిల్ మాత్రే కదా.

సంగతేంటంటే, 1992 జులై 2న ఇక్కడి కేంద్ర మత్స్యశాఖ మంత్రి జాన్ క్రాస్బీ ఉత్తర కాడ్ (ఇక్కడి ఈశాన్య తీరం నుంచి లాబ్రడార్ దాకా ఉండే కాడ్) వేట ఆపేశారు. రెండేళ్లు అన్నారు, 32 ఏళ్లు పట్టింది. సుమారు 30 వేల మంది పనులు పోయాయి. మధ్యలో తీరం దగ్గర కొద్దికొద్దిగా పట్టుకోనిచ్చారు గానీ నిషేధం నిషేధంగానే ఉంది. 2024 జూన్‌లో ఎత్తేసి 18,000 టన్నుల కోటా ఇచ్చారు. 2025కి దాన్ని 38,000 చేశారు. 1968లో ఇదే నీళ్లలో పట్టింది 8 లక్షల టన్నులు, అది గుర్తుంచుకోండి.

నన్ను తొలిచేది ఇది. 2021 లెక్కలో గుడ్లు పెట్టే చేప మొత్తం బరువు ప్రమాద గీతకి (అంతకంటే తగ్గితే కోలుకోవడం కష్టం అనే హద్దుకి) సగం దగ్గరే ఉంది. 2023లో శాస్త్రవేత్తలు చేపని అంచనా వేసే లెక్కల పద్ధతి (మోడల్) మార్చారు, గీత కిందికి దిగింది. కొత్త లెక్క ప్రకారం చేప 2016 నుంచే గీత దాటి ఉందట! సముద్రంలో ఒక్క చేపా పెరగకుండా పాసైపోయింది. పాస్ మార్కులు తగ్గించి పిల్లాణ్ణి గట్టెక్కించినట్టు లేదూ?

వలకన్ను:
ఫిషరీస్ చదువుతున్నాను కాబట్టి కాస్త గట్టిగానే చెప్తాను. ఆ పాస్ మార్కుల పోలిక తప్పు.

పాత గీత ఎక్కణ్ణుంచి వచ్చింది? 1980లలో ఉన్న చేప సగటు. ఎందుకు 1980లే? నమ్మదగ్గ సర్వే అప్పుడే మొదలైంది కాబట్టి, అంతే. కొత్త మోడల్ 1954 నుంచి ఉన్న సమాచారం తీసుకుంది. ఎంత చేప ఉన్నప్పుడు ఎన్ని పిల్లలు బతికి పెద్దయ్యాయో చూపించే ఏళ్లు అన్ని పెరిగాక, గీత ఎక్కడ గీయాలో మళ్లీ చూడాలా వద్దా? కొత్త రిపోర్టు చేతిలో పెట్టుకుని పాత రిపోర్టు చూసి మందు రాసే డాక్టర్‌ని ఏమంటాం?

జాలారిపేట కుర్రోడు:
అన్నా, మాది విశాఖ, మా నాన్న బోటు సరంగు. నాకు ముందు ఒకటి చెప్పు. నీళ్లలో ఉన్న చేపని ఎలా లెక్కపెడతారు? ఇక్కడ హార్బర్‌లో సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్లు పుస్తకం పట్టుకుని నిలబడి, దిగిన చేప రాసుకుంటారు. అది దిగిన చేప. దిగని చేప సంగతి?

వలకన్ను:
మంచి ప్రశ్న తమ్ముడూ, 1992 గొడవంతా ఇక్కడే ఉంది.

అక్కడ రెండు దారులున్నాయి. ఒకటి సర్వే ఓడ. ఏటా ఆకురాలు కాలంలో, చీట్లు తీసినట్టు ఎంచిన చోట్ల, అదే రకం వల, అంతే సేపు లాగుతారు. చేప ఉందా లేదా అని చూసుకుని వల వెయ్యరు, చీటీలో ఖాళీ నీళ్లు వస్తే ఖాళీ నీళ్లలోనే లాగాలి. రెండోది, పెద్ద ట్రాలర్లు గంటకి ఎంత పడుతున్నాయో వాటి లాగ్‌బుక్కులు చూడడం.

1980లలో సర్వే తక్కువ చూపిస్తే, ట్రాలర్ పుస్తకం ఎక్కువ చూపించింది. రెండూ కలిపి మధ్యస్తంగా తీసుకున్నారు. కొంప ముంచింది అదే. గుంపు కట్టే చేప జబ్బు నీకు తెలుసు. కవ్వళ్లు తగ్గిపోయిన ఏడు కూడా గుంపు దొరికిన బోటుకి వల నిండుతుంది, దొరకని పది బోట్లు ఖాళీగా వస్తాయి. ఎకో సౌండర్ (శబ్దంతో నీళ్లలో గుంపుని కనిపెట్టే యంత్రం) ఉన్న ట్రాలర్ ఆ ఒక్క గుంపు మీదికే నేరుగా పోతుంది. సముద్రంలో చేప సగమైనా గంటకి పడేది మాత్రం తగ్గదు. ఏటా ఐదో వంతులోపు పడుతున్నామని వాళ్లు అనుకున్నారు, నిజంగా పట్టింది దానికి రెట్టింపు పైనే. 1988 కోటా 2,66,000 టన్నులు. నాలుగేళ్లకి సున్నా.

జాలారిపేట కుర్రోడు:
మరి తీరం దగ్గర చిన్న పడవల వాళ్లు అప్పుడేం చెప్పారు?

చలిదేశం:
చెప్పారు తమ్ముడూ, గొంతు పోయేలా. చేప చిన్నదైపోతోంది, ఒడ్డుకి రావడం లేదు అని 1980ల మధ్య నుంచే అన్నారు. సొంత డబ్బుతో వేరే శాస్త్రవేత్తల చేత లెక్క కూడా చేయించారు. పుస్తకంలో లేనిది కబుర్ల కింద పోయింది. నిషేధం రోజున వారానికి 225 డాలర్లు ఇస్తామంటే, మంత్రి మాట్లాడుతున్న హోటల్ గది తలుపులు బద్దలు కొట్టబోయారు. తర్వాత 406 దాకా పెంచారు.

జాలారిపేట కుర్రోడు:
మాకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఆపితేనే ఇంట్లో చేబదుళ్లు మొదలు. ఇప్పుడు 20 వేలు ఇస్తున్నారు, మొన్నటిదాకా పదే. 32 ఏళ్లంటే మా నాన్న పడవ ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా. అక్కడి వాళ్లు ఏం తిని బతికారు?

చలిదేశం:
చాలామంది ఊళ్లు వదిలేశారు. ఉన్నవాళ్లు పీతలు, రొయ్యల మీద పడ్డారు. చిత్రమేంటంటే కాడ్ పోయాక అవి బాగా పెరిగి, కాడ్‌కంటే ఎక్కువ డబ్బే తెచ్చాయి. అందుకే ఇక్కడ కాడ్ తిరిగి రావాలని అందరూ ఒకేలా కోరుకోవడం లేదు. ఆ మాట మైకులో ఎవరూ అనరు గానీ.

ఉప్పుగాలి:
ఇదంతా ఎందుకండీ. సీల్స్ తినేస్తున్నాయి. లక్షల్లో ఉన్నాయవి. వాటిని తగ్గించండి, చేప అదే వస్తుంది.

వలకన్ను:
సీల్స్ తింటాయి, కాదనను. కానీ కాడ్ ఏం తింటుందో కూడా చూడండి. కేపెలిన్ అని వేలెడంత చేప. 1990-91లో అది కుప్పకూలింది, పాత స్థాయికి ఇప్పటికీ రాలేదు. మేత లేని ఏడు కాడ్ బక్కచిక్కి చస్తోంది. అయినా కేపెలిన్‌కి కూడా ఏటా కోటా ఇస్తూనే ఉన్నారు. ఆవుని మేపుతామంటూనే గడ్డి అమ్ముకుంటున్నారు.

బెర్గెన్ బాబు:
నార్వే నుంచి. ఇక్కడ బారెంట్స్ సముద్రం కాడ్‌ని రష్యాతో కలిపి చూసుకుంటారు, 1976 నుంచి ఉమ్మడి కమిషన్ ఉంది. యుద్ధం వచ్చినా అది ఆగలేదు. ఇక్కడి పద్ధతిలో నాకు నచ్చింది ఒకటే. గుడ్లు పెట్టే చేప ఇంత ఉంటే ఇంత పట్టాలి, తగ్గితే అంతకంత తగ్గించాలి అని సూత్రం ముందే రాసుకుంటారు. ఏటేటా మొదటి నుంచీ బేరం ఆడాల్సిన పని ఉండదు. పట్టిన కాడ్‌ని సముద్రంలోకి పారెయ్యడం కూడా 1987 నుంచి నేరం, కాబట్టి దిగిన లెక్కకీ చచ్చిన లెక్కకీ పెద్ద తేడా ఉండదు.

అలాగని స్వర్గమేం కాదు. 2013లో కోటా 10 లక్షల టన్నులు. 2025లో 3,40,000. తగ్గుతోంది, మంట పుడుతోంది, అయినా తగ్గించారు. కెనడాలో అలా ముందే రాసుకున్న సూత్రం ఉంటే 18 వేలు ఏడాదిలో 38 వేలు అయ్యేదా?

చలిదేశం:
నేను అడగాల్సిన ప్రశ్న అదే బాబుగారూ. వలకన్ను మాట ఒప్పుకుంటాను, గీత జరపడం మోసం కాదు. కానీ గీత దాటి రెండడుగులు వేశారో లేదో, ట్రాలర్లకి మళ్లీ వాటా, ఉత్తర అట్లాంటిక్ మత్స్య ఒప్పందం (నాఫో) కింద విదేశీ నౌకలకి 5 శాతం. మొదటి 1,15,000 టన్నులు తీరం వాళ్లకీ ఆదివాసులకీ అన్న పాత మాట ఏమైంది? గీత శాస్త్రవేత్త గీస్తాడు, దాని మీద ఎవరు నడవాలో మంత్రి చెప్తారు. రెండూ కలిపి "సైన్స్ చెప్పింది" అంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

వలకన్ను:
ఇక్కడ నేను మీతోనే ఉన్నాను. 2016 తర్వాత ఈ చేప పెద్దగా పెరగలేదు, ఒకే చోట ఊగిసలాడుతోంది. గీతకి ఆనుకుని ఉన్న చేపల నిల్వ మీద కోటా రెట్టింపు చెయ్యమని ఏ మోడలూ చెప్పదు. చెయ్యొచ్చా అని అడిగితే ప్రమాదం ఇంత శాతం అని చెప్తుంది, అంతవరకే. కానీ జనం తిట్టేది మాత్రం మోడల్‌నే.

జాలారిపేట కుర్రోడు:
అన్నా, నువ్వెప్పుడైనా ఆ చేపని పట్టావా, లేక బొమ్మలు చూసి మాట్లాడుతున్నావా?

చలిదేశం:
పట్టాను! ఇక్కడ సొంత తిండికి మనిషికి రోజుకి ఐదు చేపలు పట్టుకోనిస్తారు, ముగ్గురికి మించి ఎంతమంది ఎక్కినా పడవకి 15. మొన్న సెప్టెంబర్‌లో పెట్టీ హార్బర్ నుంచి వెళ్లాం. ఆ ఊరి వాళ్లు 1960ల నుంచే గాలం తప్ప వల రానివ్వరు. తాడు చివర సీసం ముక్క, దానికో గాలం. అడుగు తగిలాక ఓ బారెడు పైకి లాగి ఆడిస్తూ ఉండాలి. నాకు పడింది మోచేతి పొడుగుంది, గడ్డం కింద ఒకే ఒక్క మీసం. ఓడరేవులో ఓ పెద్దాయన తల కోసి చెవి రాయి తీసి నా అరచేతిలో పెట్టాడు. చిక్కుడు గింజంత ఉంది, తెల్లగా. చెట్టు మొద్దులాగే దీనికీ ఏడాదికో వలయం అట. వెలుతురుకి పెట్టి లెక్కపెట్టాను, ఐదు వచ్చాయి.

వలకన్ను:
పైనుంచి చూస్తే రావు. మధ్యకి విరిచి, విరిగిన ముఖం మీద కాస్త నూనె రాసి, భూతద్దంలో చూడండి. మొదటి వలయం మోసం చేస్తుంది, జాగ్రత్త. ల్యాబ్‌లో కూడా ఒకే రాయిని ఇద్దరు చూస్తారు, కుదరకపోతే మూడోవాడు.

చలిదేశం:
విరిచాను. కొబ్బరినూనె రాశాను. నాకు ఏడు వచ్చాయి, మా ఆవిడకి ఎనిమిది. ఇంట్లో మూడో మనిషి లేడు. ఫోటో పెడుతున్నాను, నువ్వే చెప్పు.