కబడ్డీలో మనవాణ్ణి కొడితే ఊరుకోవాలా?

మా రైడర్ కూతలో ఉండగా అవతలివాళ్ళు గొంతు పట్టుకున్నారు. ఎడమ మూలన ఆడే మా కార్నర్ ఆటగాడు పరుగున వెళ్ళి ఒకణ్ణి నెట్టేశాడు. ఎల్లో కార్డు పడింది. రెండు నిమిషాలు మనిషి తక్కువగా ఆడి ఓడిపోయాం. జట్టంతా అతణ్ణి తిడుతోంది. నాకు మాత్రం అతనంటే గౌరవం పెరిగింది. కెప్టెన్‌గా ఏం చేయాలి?

జవాబు 1: గొంతు నొక్కడం, నోరు మూయడం, కాళ్ళతో కత్తెర వేయడం నిబంధనలకే విరుద్ధం. వెంటనే రిఫరీకి చెప్పాల్సింది మీరు, కార్నర్ కాదు.

జవాబు 2: రిఫరీ చూడకపోతే? నేను మన రైడర్‌కి అడ్డంగా నిలబడేవాణ్ణి, చేయి ఎత్తేవాణ్ణి కాదు. తర్వాత ఆ గొంతు పట్టినవాడు కూతకొస్తే మడమ పట్టి, మధ్య గీత తాకనిచ్చేవాణ్ణి కాదు. నలుగురం ఒకేసారి మీదపడేవాళ్ళం. అంతకు మించిన బదులేముంది తమ్ముడూ?

జవాబు 3: ముందు ఆ కుర్రాణ్ణి తిట్టడం ఆపించండి. రేపు మీ గొంతు పట్టుకుంటే వచ్చేది అతనే.