ప్లగ్గులు, కాయిల్ మార్చినా రెండో సిలిండరులో మళ్లీ మళ్లీ మిస్సింగ్: లోపం ఎక్కడ వెతకాలి?

ప్రశ్న (విజయవాడ సభ్యుడు):

అందరికీ నమస్కారం. మా ఇంట్లో వెయ్యి సీసీ, మూడు సిలిండర్ల పెట్రోలు కారు ఉంది. లక్ష కిలోమీటర్లు దాటింది. కొన్ని నెలలుగా ఇంజిన్ మిస్సింగ్ వచ్చిపోతూ ఉంది. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నలు పడి ఆగినప్పుడు బండి మొత్తం అదురుతుంది. గేరు వేసి కదలగానే ఆ అదురు తగ్గుతుంది. గుంటూరు వైపు హైవే ఎక్కి ఎనభైలో పోతుంటే ఏ జబ్బూ లేనట్టే నడుస్తుంది. స్కానరు పెట్టిన ప్రతిసారీ పి0302 అనే కోడే వస్తోంది. అంటే రెండో సిలిండరులో మిస్‌ఫైర్ (ఇంధనం సరిగా మండకపోవడం) అని మెకానిక్ చెప్పారు.

మొదట మూడు ప్లగ్గులూ మార్చారు. కొంతకాలం బాగానే నడిచి మళ్లీ మొదలైంది. తరువాత రెండో సిలిండరు కాయిల్ (ప్లగ్గుకు అధిక వోల్టేజీ ఇచ్చే భాగం) కొత్తది వేశారు, ఆపైన పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు శుభ్రం చేయించారు. ప్రతిసారీ చెక్ ఇంజిన్ లైటు ఆరిపోవడం, కొన్నాళ్లకు తిరిగి వెలగడం మామూలైపోయింది. ఇప్పుడు ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు) మార్చాల్సిందేనంటున్నారు. ఆ ధర విన్నాక కాళ్లూ చేతులూ ఆడటం లేదు. నిజంగా ఈసీయూ వల్లే ఇలా అవుతుందా? ఏ భాగం మార్చినా కొంతకాలం బాగుండి మళ్లీ ఎందుకు వస్తోంది?

సమాధానం 1 (హైదరాబాద్ సభ్యుడు):

ఈసీయూ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఈసీయూ నుంచి కాయిల్‌కు గాని, ఇంజెక్టరుకు గాని సంకేతం సరిగా వెళ్లకపోతే సాధారణంగా దానికి సంబంధించిన సర్క్యూట్ కోడు కూడా పడుతుంది. రెండో కాయిల్ అయితే పి0352, రెండో ఇంజెక్టరు అయితే పి0202. మీరు రాసినదాన్ని బట్టి అవేవీ కనిపించలేదు.

పి0302 అనే కోడు ఎలా పుడుతుందో తెలిస్తే సగం గందరగోళం తొలగిపోతుంది. సిలిండరు లోపల మంట వెలిగిందా లేదా అన్నది కంప్యూటరు నేరుగా చూడలేదు. క్రాంక్‌షాఫ్ట్ దగ్గరున్న సెన్సరు దాని వేగాన్ని క్షణక్షణం కొలుస్తూ ఉంటుంది. ఒక సిలిండరు తన వంతు వచ్చినప్పుడు తోయాల్సినంత బలంగా తోయకపోతే ఆ క్షణంలో వేగం కాస్త పడిపోతుంది, ఆ తగ్గుదలను లెక్కపెట్టి కంప్యూటరు కోడు వేస్తుంది. కనుక ఆ కోడుకు రెండో సిలిండరు తోయలేదన్నంత వరకే అర్థం. నిప్పురవ్వ లేక తోయలేదా, పెట్రోలు అందక తోయలేదా, కంప్రెషన్ (సిలిండరులో గాలి, ఇంధనం బిగుతుగా నొక్కుకోవడం) లేక తోయలేదా అన్నది మనమే తేల్చుకోవాలి. మీ మెకానిక్ మొదటి రెండింటినే పట్టుకుని తిరిగారు.

ఇక కొంతకాలం బాగుండటం సంగతి. కోడు తుడిచేశాక, మిస్‌ఫైర్ మరీ తీవ్రంగా లేకపోతే, వరుసగా రెండు ప్రయాణాల్లో అది కనబడితే గాని లైటు వెలగదు. ఎక్కువగా హైవే మీద నడిపే బండిలో ఆ లెక్క నిండటానికి సమయం పడుతుంది. పైగా కొత్త ప్లగ్గుకు తక్కువ వోల్టేజీ చాలు కాబట్టి, నీరసంగా ఉన్న సిలిండరు కూడా కొన్నాళ్లు దాని పుణ్యమా అని వెలుగుతుంది. రోగం లోపలే ఉండిపోతుంది.

పైసా ఖర్చు లేకుండా చేయగలిగే పరీక్ష ఒకటి ఉంది. రెండో కాయిల్ తీసి ఒకటో సిలిండరుకు, రెండో ప్లగ్గు తీసి మూడో సిలిండరుకు మార్చి, కోడు తుడిచి నడపండి. పి0301 వస్తే కాయిల్ దోషం, పి0303 వస్తే ప్లగ్గు దోషం. మళ్లీ పి0302యే వస్తే ఆ రెండూ నిర్దోషులు. ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి మార్చండి. కొన్ని షెడ్లలో ఇంజిన్ నడుస్తుండగానే కాయిల్ పీకి చూసే అలవాటు ఉంది. షాకు కొట్టడం ఒక ప్రమాదం, కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టరులోకి (సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే భాగం) పోయి అక్కడ మండటం ఇంకొక ప్రమాదం. చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం ఆ స్థితిలో బండి నడపవద్దు. కన్వర్టరు పాడయ్యేంత తీవ్రంగా మిస్సవుతోందని దాని హెచ్చరిక.

సమాధానం 2 (రాజమహేంద్రవరం సభ్యుడు):

నా అభిప్రాయంలో ఇదంతా ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మహిమ. పాత బండ్లకు అది పడదు. బంకు మార్చి చూడండి.

సమాధానం 3 (కాకినాడ సభ్యుడు, షెడ్డు నడుపుతున్నారు):

పై సోదరుడు చెప్పిన ఇథనాల్ విషయం వేరే సందర్భంలో చర్చించదగినదే. లీటరుకు లీటరు చూస్తే ఇథనాల్‌లో పెట్రోలు కన్నా దాదాపు మూడో వంతు శక్తి తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది. ట్యాంకులోకి నీరు చేరితే ఇబ్బందులూ వస్తాయి. కానీ మూడు ఇంజెక్టర్లకూ ఒకే పైపు నుంచి పెట్రోలు అందుతుంది. పెట్రోలే చెడితే మూడు సిలిండర్లూ మొరాయించాలి. ఎప్పుడూ రెండోదే మొరాయిస్తోందంటే లోపం ఆ సిలిండరుకే చెందినది.

ప్రశ్న వేసినవారికి రెండు మాటలు. కాయిల్ తీసినప్పుడు ప్లగ్గు గుంటలోకి లైటు వేసి చూడండి. రాకర్ కవర్ కింద సీలు గట్టిపడితే ఆయిలు అందులోకి దిగి కాయిల్ రబ్బరును మెత్తబరుస్తుంది. వర్షంలోనో వాటర్ సర్వీసింగులోనో నీళ్లు చేరినా అంతే. పాత ప్లగ్గు ఇంకా ఉంటే దాని తెల్ల పింగాణీ మీద పెన్సిలుతో గీసినట్టు సన్నని నల్ల గీత ఉందేమో గమనించండి. ఉంటే నిప్పురవ్వ లోపలికి పోకుండా పక్కదారి పట్టిందని అర్థం. రెండో మాట: బండికి సీఎన్‌జీ కిట్ ఉందా?

ప్రశ్న అడిగినవారు:

వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. కాయిల్, ప్లగ్గు మార్చి చూశాము. కోడు రెండో సిలిండరును వదలలేదు. గుంటలో ఆయిలు లేదు, పొడిగా ఉంది, ప్లగ్గు మీద గీత కూడా లేదు. సీఎన్‌జీ కిట్ ఉంది; కొన్న కొత్తలోనే బయట పెట్టించాము, అప్పటి నుంచి ఎక్కువగా గ్యాసు మీదే తిరుగుతోంది. అయితే పెట్రోలుకు మార్చినా మిస్సింగ్ అలాగే ఉన్నందువల్ల గ్యాసుకూ దీనికీ సంబంధం లేదని మెకానిక్ అన్నారు, అందుకే మొదట రాయలేదు.

సమాధానం 3 (కాకినాడ సభ్యుడు):

పెట్రోలు మీద కూడా మిస్సవుతోంది కాబట్టి గ్యాసు కారణం కాదనడం వినడానికి సబబుగానే ఉంటుంది. గ్యాసు రెడ్యూసరో (గ్యాసు ఒత్తిడి తగ్గించే భాగం), గ్యాసు ఇంజెక్టరో పాడైతే ఆ తర్కం నిలుస్తుంది కూడా. కానీ గ్యాసు ఏళ్ల తరబడి ఇంజిన్ లోపల చేసిన అరుగుదల పెట్రోలు మీట నొక్కగానే మాయమైపోదు కదా. సీఎన్‌జీ పొడి ఇంధనం. పెట్రోలు తుంపరలు ఆవిరవుతూ వాల్వుల దగ్గర కొంత వేడి లాగేస్తాయి, గ్యాసుకు ఆ గుణం లేదు. కంపెనీ నుంచే సీఎన్‌జీతో వచ్చే ఇంజిన్లలో అందుకే గట్టి వాల్వు సీట్లు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే అంచులు) వేస్తారు. మామూలు పెట్రోలు ఇంజినుకు బయట కిట్ పెడితే సీటు నెమ్మదిగా అరిగి, వాల్వు పైకి జరుగుతూ పోతుంది. అలా జరిగిన కొద్దీ ట్యాపెట్ (వాల్వును నొక్కే భాగం) దగ్గరి సందు తగ్గుతుంది. సందు పూర్తిగా పోయిన రోజున వాల్వు సీటు మీద సరిగా కూర్చోదు, కంప్రెషన్ అక్కడి నుంచి జారిపోతుంది. పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వుకు వేడి ఎక్కువ కనుక సాధారణంగా ముందు దెబ్బతినేది అదే.

మీ లక్షణాలు దీనికి సరిపోతున్నాయి. ఐడిలింగులో ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి గాలి జారిపోవడానికి కావలసినంత వ్యవధి ఉంటుంది. హైవే మీద ఆ వ్యవధి దొరకదు. అయితే ఇదే లక్షణం ఇన్‌టేక్ మానిఫోల్డు (సిలిండర్లకు గాలి తెచ్చే గొట్టాలు) గాస్కెట్ రెండో సిలిండరు దగ్గర గాలి లాగుతున్నా వస్తుంది, తొందరపడకూడదు. స్కానరులో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటరు పెట్రోలును ఎంత సర్దుతోందో చూపే అంకె) ఎక్కువగా చూపించినంత మాత్రాన గాలి లీకేనని తీర్మానించడం కూడా పొరపాటే, ఎందుకంటే మిస్సయిన సిలిండరు నుంచి కాలని ఆక్సిజన్ బయటికి వచ్చి సెన్సరును మభ్యపెడుతుంది, మిశ్రమం పలచగా ఉందనుకుని కంప్యూటరు పెట్రోలు పెంచుతుంది. పొగ ఎక్కించి లీకు కనిపెట్టే యంత్రం ఉన్న షెడ్డులో మానిఫోల్డు పరీక్ష చేయించండి. వేడి ఇంజిన్ మీద క్లీనరు స్ప్రే కొట్టి వెతకడం నాకు ఇష్టం లేదు, మంట అంటుకునే ప్రమాదముంది.

దానితో పాటు కంప్రెషన్ చూడమనండి. మూడు ప్లగ్గులూ తీసేసి, కాయిళ్ల, ఇంజెక్టర్ల కనెక్టర్లు ఊడదీసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కిపట్టి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టాలి. యాక్సిలరేటరు తొక్కకుండా చూస్తే అన్ని సిలిండర్లలోనూ తక్కువే వస్తుంది, ఆ అంకెతో ఉపయోగం లేదు. రెండోది మాత్రమే తక్కువ వస్తే ఆ రంధ్రంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిలు పోసి మళ్లీ చూడాలి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో, హెడ్ గాస్కెట్టో. ఆ తరువాత పిస్టన్ కంప్రెషన్ చివర పైకి వచ్చి రెండు రకాల వాల్వులూ మూసి ఉండగా ప్లగ్గు రంధ్రం నుంచి కంప్రెసర్ గాలి ఎక్కించి, శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో చెవి పెట్టి వినాలి.

ప్రశ్న అడిగినవారు:

నిన్న వేరే షెడ్డులో మీరు చెప్పిన క్రమంలోనే చూపించాను. మానిఫోల్డు దగ్గర పొగ ఎక్కడా కారలేదు. కంప్రెషన్ ఒకటో సిలిండరులో 175, రెండో దానిలో 115, మూడో దానిలో 170 పీఎస్‌ఐ వచ్చింది. ఆయిలు పోసినా రెండో దాని ముల్లు దాదాపు కదలలేదు. గాలి ఎక్కించినప్పుడు సైలెన్సర్ గొట్టం చివర అరచెయ్యి పెడితే సన్నగా, ఆగకుండా గాలి తగిలింది, అంటే లీకు ఎగ్జాస్ట్ వాల్వు దగ్గరే. థ్రాటిల్ వైపు, ఆయిలు మూత వైపు ఏమీ వినబడలేదు, రేడియేటరులో బుడగలు రాలేదు. రాకర్ కవర్ విప్పి ఫిల్లర్ గేజ్ (సందు కొలిచే పలుచని బ్లేడ్ల సెట్టు) పెడితే రెండో సిలిండరు ఎగ్జాస్ట్ వాల్వుల్లో ఒకదాని దగ్గర అన్నిటికన్నా పలుచని 0.05 మిల్లీమీటర్ల బ్లేడు కూడా దూరలేదు. మిగతా ఎగ్జాస్ట్ వాల్వుల సందులు కూడా ఉండాల్సినదానికన్నా తక్కువే ఉన్నాయి. షిమ్ములు (సందు సరిచేసే చిన్న బిళ్లలు) తెప్పించి ఎగ్జాస్ట్ వైపు అన్నీ సరిచేశారు. ఇప్పుడు రెండో సిలిండరు 160 చూపిస్తోంది, ఐడిలింగులో అదురు పోయింది. హెడ్డు (వాల్వులుండే ఇంజిన్ పై భాగం) దింపకుండా ఇలా వదిలేయవచ్చా? గ్యాసు మీద నడపవచ్చా?

సమాధానం 3 (కాకినాడ సభ్యుడు):

160 దాకా వచ్చిందంటే వాల్వు అంచు పెద్దగా కాలలేదని అనుకోవచ్చు. ఆ సిలిండరు 115 దగ్గరే ఆగి ఉంటే హెడ్డు దింపి, సీటు కోయించి, వాల్వు మార్చమనేవాణ్ణి. ఇప్పటికి అవసరం లేదు. అన్ని వాల్వుల సందులూ ఎంతెంత ఉన్నాయో సిలిండరు వారీగా కాగితం మీద రాయించుకుని సర్వీసు పుస్తకంలో పెట్టండి. గ్యాసు మీద నడపవచ్చు, కానీ బండిని పెట్రోలు మీదే స్టార్టు చేసి ఇంజిన్ వేడెక్కాక గ్యాసుకు మారనివ్వండి. కిట్ ట్యూనింగులో మిశ్రమం పలచగా లేకుండా చూపించండి. గ్యాసును వెలిగించడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి కనుక ప్లగ్ గ్యాప్ కిట్ వారు చెప్పిన కొలతలోనే ఉంచండి, అంతకు మించి పెంచవద్దు.

పదిహేను ఇరవై వేల కిలోమీటర్లు తిరిగాక, ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు సందులు మళ్లీ కొలిపించి, ఆ కాగితంతో పోల్చండి. రెండో సిలిండరు వాల్వు ఒక్కటే మిగతావాటికన్నా వేగంగా బిగుసుకుంటూ ఉంటే దాని సీటు నిలబడటం లేదని తెలుస్తుంది, అప్పుడు హెడ్డు దింపించాల్సిందే. అన్నీ సమానంగా కొద్దికొద్దిగా తగ్గుతుంటే షిమ్ములు మార్చుకుంటూ చాలాకాలం నడపవచ్చు. పాత కాయిల్ పారేసి ఉండకపోతే డిక్కీలో ఉంచుకోండి, అది మంచిదే.