టమాటాకీ పచ్చికకీ ఎప్సమ్ సాల్ట్ వేయొచ్చా?

ప్రశ్న: కుండీల్లో టమాటా మొక్కల కింది ఆకులు పసుపు తిరుగుతున్నాయి. కాయల అడుగున నల్ల మచ్చ వస్తోంది. ఇంటి ముందు పచ్చిక కూడా పాలిపోయింది. అన్నిటికీ ఎప్సమ్ సాల్టే మందు అంటున్నారు. ఎంత వేయాలి?

జవాబు: నేను గులాబీలకి వేస్తుంటాను, ఆకులు నిగనిగలాడతాయి. కళ్లు మూసుకుని వేసేయండి.

జవాబు: దయచేసి అలా వేయకండి. ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్, అంటే మెగ్నీషియం ఉన్న ఒక లవణం. ముందు ఒక పసుపు ఆకు తెంపి వెలుతురుకు పట్టి చూడండి. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం మాత్రమే పసుపైతే మెగ్నీషియం తక్కువై ఉండొచ్చు. అది ముదురాకుల్లోనే మొదలవుతుంది, ఎందుకంటే మొక్క వాటిలోని మెగ్నీషియాన్ని లాగి చిగుళ్లకు పంపుకుంటుంది. ఈనెలతో సహా ఆకంతా పాలిపోతే నత్రజని కొరత కావచ్చు. లేతాకుల్లోనే ఈనెల మధ్య పసుపు కనిపిస్తే ఇనుము సంగతి చూడాలి.

కాయ అడుగు నల్లబడటం వేరే సమస్య. కాయకి కాల్షియం అందక వస్తుంది. మట్టిలో కాల్షియం ఉన్నా సరే, ఒకరోజు ఎండగట్టి ఇంకోరోజు ముంచేస్తే అది కాయదాకా చేరదు. అలాంటప్పుడు ఎప్సమ్ సాల్ట్ పోస్తే వేర్ల దగ్గర మెగ్నీషియం కాల్షియంతో పోటీపడి మచ్చని ఇంకా పెంచుతుంది. అందుకే ఈ సలహా ఎక్కడ కనిపించినా ఊరుకోలేను.

ప్రశ్న అడిగినవారు: చూశానండీ. ఈనెలు పచ్చగానే ఉన్నాయి, మధ్యలోనే పసుపు. కాయలు బాగా రావాలని పొటాష్ ఎక్కువగానే వేస్తున్నాను.

జవాబు: అయితే నా అనుమానం ఆ పొటాష్ మీదే. అది ఎక్కువైతే మొక్క మెగ్నీషియాన్నీ కాల్షియాన్నీ కూడా సరిగా పీల్చుకోలేదు. కొన్నాళ్లు ఆపండి, మట్టి ఎప్పుడూ ఒకే తడిలో ఉండేలా చూడండి. కాయల మచ్చ తగ్గాక కూడా పసుపు పైఆకులకి పాకుతుంటే, 4 లీటర్ల నీళ్లలో ఒక టేబుల్ స్పూన్ ఎప్సమ్ సాల్ట్ కరిగించి ఎండ తగ్గాక ఆకుల మీద పిచికారీ చేయండి. బాగా పసుపైన ఆకు మళ్లీ పచ్చబడదు, కొత్తగా వచ్చే ఆకుల్ని గమనించండి.

జవాబు: పచ్చిక గురించి నేను చెప్తాను.  ఎప్సమ్ సాల్ట్‌లో మెగ్నీషియం 10 శాతం దాకా, గంధకం 13 శాతం దాకా ఉంటాయి, నత్రజని మాత్రం బొత్తిగా ఉండదు. పచ్చిక పాలిపోవడానికి చాలాసార్లు నత్రజని చాలకపోవడమే కారణం. ముందు మట్టి పరీక్ష చేయించండి. మెగ్నీషియం తక్కువగా ఉండి, నేల ఆమ్ల గుణంతో ఉందని తేలితే డోలమైట్ సున్నం మేలు. అందులో మెగ్నీషియం, కాల్షియం రెండూ ఉంటాయి.