రాత్రి క్వార్టర్ తాగితే పొద్దున్నే బండి తీయొచ్చా?

ప్రశ్న: శనివారం సీతమ్మధారలో ఫంక్షన్. రాత్రి పదకొండున్నరకి క్వార్టర్ విస్కీ ముగుస్తుంది. ఆదివారం ఆరింటికల్లా స్కూటీ మీద గాజువాక డ్యూటీకి బయల్దేరాలి. దారిలో ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర పోలీసులు మిషన్‌లో ఊదమంటే దొరుకుతానా? దొరికితే అక్కడే ఫైన్ కట్టేసి పోవచ్చా?

జవాబు: దొరకొచ్చండీ. చట్టం ఒప్పుకునేది 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్ వరకే. 180 మి.లీ. విస్కీలో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 70 కిలోల మగమనిషికి అది సుమారు 128 మి.గ్రా. దాకా చేరుతుంది. లివర్ గంటకి తగ్గించేది 15 చొప్పున. ఆరున్నర గంటలకి 97 పోతే ఇంకా 31. సరిగ్గా గీత మీద! గంటకి 10 మాత్రమే తగ్గే ఒళ్ళయితే ఆరింటికి 60 పైనే ఉంటుంది. బరువు తక్కువైతే ఇంకా ఎక్కువ. కనీసం పది దాటేదాకా బండి ముట్టుకోకండి, ఆరింటికే వెళ్ళక తప్పదంటే బస్సో ఆటోనో చూసుకోండి. 650 మి.లీ. మామూలు బీరు ఒక్కటే 50 దాటించగలదు, స్ట్రాంగ్ అయితే 80 పైమాటే.

ప్రశ్న: మజ్జిగ, నిమ్మరసం, తలస్నానం? కిళ్ళీ వేసుకుంటే?

జవాబు: మిషన్ కొలిచేది ఊపిరితిత్తుల్లోంచి వచ్చే గాలిని. కిళ్ళీ వాసనని కప్పుతుంది గానీ అంకెని కాదు. స్నానంతో మత్తు వదిలినట్టుంటుంది, అంతే. తాగకుండానే మౌత్‌వాష్ వల్ల రీడింగ్ వస్తే మాత్రం ఆ సంగతి చెప్పి, పావుగంట ఆగి మళ్ళీ ఊదనివ్వమని అడగండి. నోట్లో మిగిలింది ఆ పాటికి పోతుంది. గొట్టం కొత్తదేనా, ఊదకముందు మిషన్ సున్నా చూపిస్తోందా చూసుకోండి. స్లిప్‌లో అంకె, టైము సరిచూసుకున్నాకే సంతకం.

మరో సభ్యుడు: ఫైన్ సంగతి ఎవరూ చెప్పలేదు. తాగి నడిపితే పెట్టేది మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కేసు, అది రోడ్డు మీద తేలేది కాదు, కోర్టుకి వెళ్ళాల్సిందే. మొదటిసారి 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మళ్ళీ దొరికితే 15,000, జైలు రెండేళ్ళ దాకా. వీటికి తోడు, నేరం రుజువైతే లైసెన్స్ కనీసం ఆరు నెలలు పోతుంది. "నేను ఊదను" అని మొండికేస్తే ఇంకా చేటు: సెక్షన్ 203 కింద వారెంట్ లేకుండానే అరెస్టు చేసి, ఆసుపత్రిలో రక్తం తీయించొచ్చు. బండి కదలకపోయినా నడపబోయినట్టు తేలితే చాలు, కేసే. తాగాడని తెలిసీ తాళం ఇచ్చి పంపినవాళ్ళ మీదకి సెక్షన్ 188 వస్తుంది, స్నేహితుడి స్కూటీ అడిగేముందు అదీ చూసుకోండి. ప్రమాదం జరిగితే సొంత బండి రిపేరుకి ఇన్సూరెన్స్ పైసా ఇవ్వకపోవచ్చు. అవతలివాళ్ళకి కట్టిన పరిహారాన్ని మీ దగ్గర వసూలు చేసుకునే వీలూ కంపెనీకి ఉంటుంది.