బర్డ్ మాస్‌ను విడి పుస్తకాల్లో చూసి పాడాలా, పూర్తి స్కోరు చూసి పాడాలా?

లండన్ ఆల్టో (చర్చ ప్రారంభం):

ఇంగ్లండ్‌లో వేసవి సెలవుల్లో ముప్పై నలభై మంది ఒకచోట వారం రోజులు బస చేసి, పొద్దున్నా సాయంత్రం 16వ శతాబ్దపు బృందగానాన్ని సాధన చేసే శిబిరాలు జరుగుతుంటాయి. అలాంటి ఒకదానికి నేను నాలుగేళ్లుగా వెళ్తున్నాను. ఈసారి ఆ కాలపు ఆంగ్ల స్వరకర్త విలియం బర్డ్ నాలుగు గొంతులకు కూర్చిన మాస్ (కాథలిక్ చర్చి ప్రధాన ఆరాధనలోని లాటిన్ పాఠాలకు కట్టిన సంగీతం) తీసుకున్నాం. శిక్షకురాలు మొదటి రెండు రోజులూ మాకు అన్ని గొంతుల వరుసలనూ ఒకదాని కింద ఒకటి చూపే మామూలు స్కోరు ఇవ్వకుండా, 1590లలో అచ్చయిన విడి పుస్తకాల నకళ్లు ఇచ్చారు. ఆ రోజుల్లో ఒక్కో గొంతుకు ఒక్కో పుస్తకం వేసేవారు కాబట్టి, నా పుస్తకంలో నేను పాడే ఆల్టో (పైనుంచి రెండో గొంతు) వరుస తప్ప మరేదీ కనిపించదు. లయను సమాన భాగాలుగా విడగొట్టే నిలువు బార్ గీతలూ ఉండవు. ప్రతి పంక్తి చివర, కింది పంక్తి ఏ స్వరంతో మొదలవుతుందో చూపే చిన్న కొక్కెం గుర్తు మాత్రం ఉంటుంది. మూడో రోజు భోజనాల దగ్గర పెద్ద వాదన జరిగి, సగం మంది పట్టుబట్టడంతో అందరికీ స్కోర్లు పంచారు.

అది పొరపాటని నా గట్టి అభిప్రాయం. ఈ మాస్ చివరి భాగమైన ‘ఆగ్నుస్ దేయీ’ మొదట రెండు గొంతులతో, తరువాత మూడింటితో, ఆఖరున నాలుగింటితో సాగుతుంది. ‘దోనా నోబిస్ పాచెమ్’, అంటే ‘మాకు శాంతినివ్వు’ అనే మాటల దగ్గర ఒక గొంతు తన స్వరాన్ని పట్టుకుని ఉండగా మరో గొంతు కదిలి దానితో ఒరుసుకుంటుంది, ఆ తరువాతే మొదటిది ఒక మెట్టు దిగుతుంది. స్కోరు చేతిలో ఉంటే ఆ ఒరిపిడి రాబోతోందని కన్ను ముందే చెప్పేస్తుంది. విడి పుస్తకంతో పాడిన రోజున నాకది ముందు గొంతులో తగిలింది, ఏం జరిగిందో ఆ తరువాత తెలిసింది. స్కోరు వచ్చాక మేము తప్పులు తక్కువ చేశాం, కానీ ఒకరినొకరం వినడం మానేశాం.

మాంచెస్టర్ టెనార్:

నేనూ ఇలాంటి శిబిరాలకు వెళ్లి టెనార్ (ఆల్టో కింది గొంతు) పాడతాను, మీతో ఏకీభవించలేను. బర్డ్ కాలపు గాయకులు చిన్నతనం నుంచీ ఆ లిపిలోనే పెరిగినవారు. మనలో చాలామంది పగలంతా ఉద్యోగాలు చేసుకుని, వారానికొక సాయంత్రం పాడుకునేవాళ్లం. పాత ముద్రణలో క్లెఫ్, అంటే ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు, ఒక్కో గొంతుకు ఒక్కో గీత మీద కూర్చుంటుంది. అలవాటు లేనివారికి అది చదవడమే రెండు రోజుల పని. ఏడాదంతా దాచుకున్న సెలవుల్లో ఆ రెండు రోజులు చిన్నవి కావు. నేను వెళ్లిన చోట డెబ్బై ఏళ్లావిడ ఒకరు పుస్తకం మూసి బయట బెంచీ మీద కూర్చుండిపోయారు. ఆవిడ సొంత ఊళ్లో చర్చి బృందంలో నలభై ఏళ్లుగా పాడుతున్నారు. ఈ సంగీతంలోకి ఆమెను రానివ్వని పద్ధతిని, అది ఎంత పాతదైనా, నేను సమర్థించలేను. పైగా ఈ సంగీతానికే పేరుపడ్డ వృత్తి బృందాలు కూడా ఆధునిక స్కోర్లతోనే పాడుతున్నాయి, వాళ్లు ఒకరినొకరు వినడం లేదని ఎవరూ అనరు.

హైదరాబాద్, కర్ణాటక గాత్రం:

నేను ఈ సంగీతాన్ని రికార్డులలో వినడమే తప్ప పాడలేదు, అందుచేత ఒక్క విషయమే చెబుతాను. అప్పటి గాయకులు చేతిని కిందికీ పైకీ కదిలిస్తూ లయ పట్టేవారని చదివాను. తాళం వేస్తూ పెరిగినవారికి అందులో వింత లేదు. అయితే మన గోష్ఠిగానంలో అందరిదీ ఒకటే వరుస, ఒకటే ఎత్తుగడ. ఇక్కడ ఒక్కో గొంతులో ఊనిక ఒక్కోచోట, లాటిన్ మాటను బట్టి పడుతుంది. ‘మిసెరేరే’ (‘కరుణించు’) అన్నప్పుడు బరువు మూడో అక్షరమైన ‘రే’ మీద ఉండాలి. బార్ గీత ‘మి’ ముందు ఉంటే, కొత్త గాయకులు దాన్నే ఒత్తి పలికే ప్రమాదం ఉంది. కాబట్టి నాకు ఇందులో కన్నూ చెవీ అన్న తగువు కన్నా గీతల తగువే ముఖ్యమనిపిస్తుంది.

లండన్ ఆల్టో:

గీతల గురించి మీరన్నది నిజం. మా బృందంలో స్కోరు వచ్చిన రోజు నుంచే ‘మి’ మీద దెబ్బ పడడం మొదలైంది.

టెనార్ గారూ, ఆ పెద్దావిడ సంగతి చదివి బాధ కలిగింది. దానికి పుస్తకాన్ని తప్పుపట్టే ముందు, మనం ఎంతమందిమి ఉన్నామో కూడా చూడాలి. ఇంగ్లండ్‌లో కాథలిక్ మాస్ చట్టవిరుద్ధమైన రోజుల్లో బర్డ్ మూడు మాస్‌లనూ శీర్షిక పుట గానీ, ముద్రాపకుడి పేరు గానీ లేకుండా అచ్చువేయించాడు. 1605లో ఆయన కాథలిక్ ఆరాధన గీతాల సంపుటి ‘గ్రాదువాలియా’ పుస్తకాలు దగ్గర ఉంచుకున్నందుకు ఒక వ్యక్తిని లండన్‌లో అరెస్టు చేశారు. ఆ మాస్‌లను విశ్వాసుల ఇళ్లలో, తలుపులు వేసుకుని, గొంతుకు ఒకరో ఇద్దరో పాడి ఉంటారు. పక్కవారి ఊపిరి వినబడేంత దగ్గరగా ఉంటే విడి పుస్తకం కష్టం కాదు. నలభై మందిని నాలుగు వరుసలుగా నిలబెట్టి అదే పుస్తకం చేతికిస్తే, చివరి వరుసలో ఉన్నవారికి తోడు ఎవరూ ఉండరు. మా శిబిరంలో జరిగిన అసలు లోపం అదేనని ఇప్పుడు అనిపిస్తోంది.

మాంచెస్టర్ టెనార్:

ఎనిమిది మంది ఒక బల్ల చుట్టూ కూర్చుంటే నేనూ ప్రయత్నిస్తాను. క్లెఫ్‌ల మాట మాత్రం వదలను.

లండన్ ఆల్టో:

వదలనక్కర్లేదు. ఇతర గొంతులు కనిపించకపోవడం ఒక కష్టం, పాత క్లెఫ్ చదవడం మరొక కష్టం. రెండూ ఒకేసారి నెత్తిన పెట్టాల్సిన పని లేదు. ‘ఆగ్నుస్ దేయీ’ ఒక్కటీ ఇప్పటి క్లెఫ్‌లలో, బార్ గీతలు లేకుండా, నాలుగు విడి పుస్తకాలుగా నేనే రాసి పెడతాను. ఆ పెద్దావిడ వస్తానంటే అక్షరాలు పెద్దవిగా ఉన్న ప్రతి ఒకటి వేరుగా తయారు చేస్తాను. ఆవిడది ఏ గొంతో కనుక్కుని చెప్పండి.