1967 టాప్స్ సెట్: చివరి విడతలోని సామాన్య కార్డులు అమ్మకానికి ఎందుకు రావు?

ప్రశ్న:
టాప్స్ కంపెనీ 1967లో విడుదల చేసిన 609 బేస్‌బాల్ కార్డుల (ఆటగాళ్ల ఫొటోలతో ఉండే సేకరణ కార్డులు) సెట్‌ను పూర్తి చేయాలని చాలాకాలంగా ప్రయత్నిస్తున్నాను. 533వ కార్డు వరకు పెద్ద శ్రమ లేకుండానే సమకూరాయి గానీ, ఆ తరువాతి విడత దగ్గర పని దాదాపు ఆగిపోయింది. అదే విడతలోని 581వ కార్డు, అంటే తరువాత గొప్ప ఆటగాడైన టామ్ సీవర్, అతనితోపాటు బిల్ డెనహీల ముఖాలు పక్కపక్కనే ఉన్న ఆ ప్రసిద్ధమైన కార్డు, ఎప్పుడు చూసినా ఎక్కడో ఒకచోట వేలంలో ఉంటుంది. ఎవరికీ అంతగా గుర్తులేని ఆటగాళ్ల కార్డులు మాత్రం నెలల తరబడి వెతికినా కనబడవు. దీనికి కారణం ఏమిటో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు:
ఆ రోజుల్లో సెట్ మొత్తాన్ని ఒకేసారి విడుదల చేసేవారు కాదండి. సీజన్ పొడవునా విడతలవారీగా దుకాణాలకు పంపేవారు. చివరి విడత వచ్చేసరికి పిల్లల ధ్యాస అమెరికన్ ఫుట్‌బాల్ మీదికి మళ్లేది కనుక దుకాణదారులు తక్కువ తెప్పించుకునేవారు, కంపెనీ కూడా తక్కువే అచ్చు వేసేది. 1974 నుంచి టాప్స్ సెట్ మొత్తాన్ని ఒక్కసారే ఇవ్వడంతో ఈ చిక్కు తీరింది. పైగా, చాలా కార్డులను ఒకే పెద్ద షీటు మీద అచ్చువేసి విడదీసేవారు; ఆ షీటు మీద అన్ని కార్డులకూ సమానమైన చోటు దొరికేది కాదు. 1952 సెట్‌లో ప్రసిద్ధ ఆటగాడు మికీ మాంటిల్ 311వ కార్డు చివరి విడతలోదే అయినా, షీటు మీద రెండుసార్లు ఉండటం వల్ల, అదే విడతలోని చాలామంది అనామకుల కార్డులకంటే ఎక్కువ సంఖ్యలో వెలువడింది. అమ్ముడుపోని ఆ విడత పెట్టెలను 1960లో అట్లాంటిక్ సముద్రంలో పారవేయించినట్లు టాప్స్‌కు చెందిన సై బర్గర్ స్వయంగా చెప్పారు.

రెండో జవాబు:
పై వివరణ నిజమే గానీ, తక్కువగా ఉండటం వేరు, అమ్మకానికి రాకపోవడం వేరు. నా దృష్టిలో మీ ప్రశ్నకు అసలు జవాబు రెండోదానిలోనే ఉంది. సీవర్ కార్డుకు మంచి ధర పలుకుతుంది కనుక డబ్బు అవసరమైన ప్రతివారూ దానినే ముందు బయటికి తీస్తారు. సామాన్యుడి కార్డును ఫొటో తీసి, మూలల అరుగుదలను వర్ణించి, కవరులో భద్రపరచి పంపే శ్రమకు తగిన ప్రతిఫలం రాదని వ్యాపారులు దానిని డబ్బాలోనే ఉంచేస్తారు. ఇక సెట్ కట్టేవారి చేతికి చిక్కిన కార్డు ఆల్బమ్‌లో ఖాళీ ఏర్పడుతుందన్న భయంతో మళ్లీ విడిగా బయటికి రాదు, అమ్మితే సెట్‌తో పాటే అమ్ముతారు.

మంచి స్థితిలో ఉన్నదే కావాలనుకుంటే వెతుకులాట ఇంకా కష్టమవుతుంది. 1952 సెట్‌లో మొదటి కార్డు ఆండీ పాఫ్కోది. పిల్లలు కార్డులను సంఖ్యల వరుసలో పేర్చి రబ్బరు బ్యాండు వేసేవారు కాబట్టి, కట్టకు పైనున్న ఆ కార్డు అంచుల్లోనే బ్యాండు నొక్కుకుపోయి గాట్లు పడేవి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇన్నాళ్లూ అమ్మకపు జాబితాలను చూస్తూ కూర్చున్నాను తప్ప, జాబితాలోకి ఎక్కని డబ్బాల గురించి ఆలోచించనే లేదు. నాకు కావలసిన సంఖ్యలన్నీ రాసి వ్యాపారులకు నేరుగా పంపితే ప్రయోజనం ఉంటుందా?

రెండో జవాబు రాసినవారు:
తప్పకుండా ఉంటుంది. అయితే ఒక్కొక్క కార్డు కోసం కాకుండా, పదిపదిహేను కలిపి అడగండి. అప్పుడే డబ్బా తెరిచి వెతకడం వారికి గిట్టుబాటు అవుతుంది. ఏ స్థాయి అరుగుదల వరకు మీకు సమ్మతమో కూడా ముందే రాయండి.