‘పాస్డ్ అవుట్’ అని రాస్తే తప్పా?

బీటెక్_బాబు: రెజ్యూమేలో ‘పాస్డ్ అవుట్ ఇన్ 2019’ అని పెట్టాను. అమెరికాలో ఉన్న మా కజిన్ చూసి, కాలేజీలో స్పృహ తప్పి పడిపోయావా అని ఒకటే నవ్వు. మన దగ్గర ఉద్యోగ ప్రకటనల్లో కూడా ‘పాస్అవుట్స్’ అనే వేస్తున్నారు కదా. ఇది నిజంగా తప్పేనా?

డాలస్_బాబాయ్: తప్పే బాబూ. ‘గ్రాడ్యుయేటెడ్’ అని మార్చెయ్. ఇక్కడ పాస్ అవుట్ అంటే కళ్లు తిరిగి పడిపోవడం, ముఖ్యంగా తాగి పడిపోవడం. కరపత్రాలు పంచినా పాస్ అవుట్ అంటారు. చదువు మాత్రం ఎవరికీ తట్టదు. ‘కోప్ అప్ విత్’, ‘రిటర్న్ బ్యాక్’ లాగే ఇదీ మనవాళ్ల సొంత తయారీ.

దుండిగల్_మాస్టారు: బాబాయ్ గారూ, అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. కోప్ పక్కన అప్ నిలవదు, ‘కోప్ విత్’ అంతే. ‘కీప్ అప్ విత్’, ‘పుట్ అప్ విత్’ అని విని విని దీనికీ అప్ తగిలించేశాం. పాస్ అవుట్ అలా కాదు. డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీలో జరిగేది పాసింగ్ అవుట్ పరేడే, మన హైదరాబాద్ పోలీస్ అకాడమీలోనూ ఆ మాటే. అది బ్రిటిష్ సైన్యం వాడుక. సైనిక శిక్షణ ముగించడం అనే అర్థం వాళ్ల నిఘంటువుల్లోనే ఉంది. మనం దాన్ని పరేడ్ మైదానం నుంచి కాలేజీకి తెచ్చుకున్నాం, అంతే.

అవుట్ సంగతి కూడా చూడండి. దీపం ఆరితే ‘గో అవుట్’, స్పృహ పోయేలా కొడితే ‘నాకౌట్’. పడిపోవడంలో ఉన్నది ఈ ఆరిపోయే అవుట్. పరేడ్‌లో ఉన్నది గేటు దాటి బయటికొచ్చే అవుట్. ఇది తెలిస్తే ఫ్రేజల్ వెర్బులు, అంటే ఇలా అప్, అవుట్ లాంటి మాట తగిలించుకున్న క్రియల జాబితాలు సగం బట్టీ పట్టక్కర్లేదు.

లొల్లి_వద్దు: గింత లొల్లి ఎందుకన్నా? నేను రోజూ రెజ్యూమేలే చూస్త. ‘బీటెక్, 2019’ అని రాస్తే సరిపోతది. అక్కడ క్రియ ఎవరికి కావాలె?

డాలస్_బాబాయ్: పరేడ్ వరకు ఒప్పుకుంటాను మాస్టారూ. బట్టీ అక్కర్లేదంటేనే ఒప్పుకోను. పాస్ ఒక్కదాన్నే తీసుకోండి. ‘పాస్ అప్’ అంటే వచ్చిన అవకాశం వదులుకోవడం. ‘పాస్ ఓవర్’ అంటే ప్రమోషన్‌లో పక్కన పెట్టడం. ‘పాస్ ఆఫ్’ అంటే నకిలీని అసలుగా అంటగట్టడం. ‘పాస్ ఆన్’ అయితే కబురు అందించడమూ కావచ్చు, కన్నుమూయడమూ కావచ్చు! అప్‌లో వదులుకోవడం ఎక్కడుందో చూపించండి. ఇంకోటి, ఫారం ‘ఫిల్ ఇన్’ చేసినా ‘ఫిల్ అవుట్’ చేసినా నింపడమేగా?

దుండిగల్_మాస్టారు: ‘పాస్ అప్’ దగ్గర నా లెక్క కుదరదు, అది గుర్తుపెట్టుకోవాల్సిందే. ఫారం మాత్రం నాకే సాక్ష్యం. ఇన్ అంటే ఖాళీల లోపల రాయడం, అవుట్ అంటే ఆసాంతం పూర్తి చేయడం. ‘వేర్ అవుట్’, ‘సెల్ అవుట్’లో ఉన్నదీ ఈ ‘పూర్తిగా’ అనే అవుటే. మన ‘పో’ చూడండి: వెళ్లిపో, అలిసిపో, అయిపో, మరిచిపో. వెళ్లడం మొదటిదాంట్లోనే ఉంది, మిగతావాటిలో పని ముగిసిపోవడమే. మన పిల్లలకి ఎవరు జాబితా ఇచ్చి అప్పజెప్పించుకున్నారు?

డాలస్_బాబాయ్: వాళ్లు పొద్దస్తమానం వింటారు కాబట్టి వచ్చింది. ఇంగ్లీషు అలా చెవిన పడనివాడికి జాబితా కాక ఇంకేం మిగిలింది? 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు ముందుమాటలోనే, పరాయివాళ్లకి అన్నిటికంటే కష్టం ఈ క్రియలే అని రాశాడు.

దుండిగల్_మాస్టారు: వినడానికి యూట్యూబ్ లేని రోజుల్లో రాశాడు లెండి.

బీటెక్_బాబు: ‘బీటెక్, 2019’ అని మార్చేశా. ఇంటర్వ్యూలో నోటితో చెప్పాల్సి వస్తే?

లొల్లి_వద్దు: ‘ఫినిష్డ్’ అను తమ్మీ. మిలిటరీల చేరినంక పాస్ అవుట్ అందువుగాని.